పదకొండో నంబరు ఎప్పుడు ఎగరవేస్తారు?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మన నెల్లూరు తీరంలో ప్రతివారికీ ఒక కన్ను ఆకాశం మీద, ఒక చెవి వార్తల మీద ఉంటుంది. "కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరవేశారు" వంటి వార్తలు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఆ నంబర్లు మొత్తం ఎన్నో మీకు తెలుసా?

ఈ ప్రశ్న ఏటా మా తరగతిలో అడుగుతాను. చాలామంది "పది" అంటారు. కాదు, పదకొండు ఉన్నాయి. ఆ మాట చెప్పగానే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. పదో నంబరుకే ఊళ్లు ఖాళీ చేయిస్తారు గదా, పదకొండో నంబరు తుపాను ఇంకెంత భయంకరంగా ఉంటుందో అని వారి ఊహ. మీరూ అలాగే అనుకున్నారా? అయితే మీరూ పొరబడ్డారు. పదకొండో నంబరుకు అర్థం వేరే ఉంది. అది ఈ వ్యాసం చివర చెబుతాను. దాని విలువ తెలియాలంటే, ఒకరి మనసులోని సంగతి ఇంకొకరి మనసులోకి ఎలా చేరుతుందో, దారిలో ఎక్కడెక్కడ తప్పిపోతుందో ముందు తెలుసుకోవాలి. శాస్త్రజ్ఞులు దీనినే భావ ప్రసారం అంటారు. ఇది మాటల సంగతే కదా, ఇందులో శాస్త్రం ఏముంది అనుకోకండి. మన తీరంలో ఇది ప్రాణాల సంగతి.

ఒక మాట, రెండు అర్థాలు

1989వ సంవత్సరం, నవంబరు 8. నేనప్పుడు డిగ్రీ విద్యార్థిని. తుపాను వస్తున్నదని కాలేజీకి సెలవిస్తే కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరికి వచ్చాను. ఆ తుపాను సామాన్యమైనది కాదు. థాయిలాండ్ సింధుశాఖలో బలపడి, అక్కడి సన్నని భూభాగాన్ని దాటి, బంగాళాఖాతం అంతా ప్రయాణించి మన వైపు వచ్చింది. ఆ వేళ మధ్యాహ్నం మా ఇంట్లో ట్రాన్సిస్టరు చుట్టూ అందరం కూర్చున్నాము. అప్పటికే గాలి హోరు మొదలైంది. వార్తలు విని నేను వీధిలోకి వచ్చేసరికి, పక్కవీధిలో ఉండే ఒక మామ ఎదురయ్యాడు. ఆయనది చేపల వేట.

"ఏమబ్బయా, రేడియోలో ఏమంటున్నారు?" అన్నాడు.

"రేవులో పెద్ద నంబరు ఎత్తేశారంట మామా!" అన్నాను.

"ఎత్తేశారా? పోనీలే, పీడ వదిలింది" అని ఆయన గబగబా వెళ్లిపోయాడు. గాలి హోరులో ఆ మాట నాకు సరిగా వినిపించలేదు. వినిపించినా పట్టించుకునేవాణ్ణో లేదో!

పావుగంట గడిచింది. ఆయన కొడుకు, ఏడెనిమిదేళ్ల వాడు, ఒగరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా! ఎత్తేశారంటే పైకి ఎత్తారనా, తీసేశారనా? మా అవ్వ కనుక్కుని రమ్మంది. నాయన రాత్రికి ఒడ్డు మీద పాకలో వలల కాడ పడుకుంటానంటున్నాడు" అన్నాడు.

నా గుండె జారిపోయింది. నేను చెప్పింది స్తంభం మీదికి ఎత్తారని. ఆయనకు అర్థమైంది రద్దు చేశారని. మన తెలుగులో "ఎత్తేశారు" అన్న మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి గదా! వాడి వెంట పరుగెత్తుకెళ్లి సంగతి చెప్పాను. ఆ రాత్రి వాళ్లూ మేమూ బడి కట్టడంలో తల దాచుకున్నాము. ఆ రాత్రే తుపాను కావలి సమీపంలో తీరం దాటింది. తెల్లవారి చూస్తే, పాక ఉన్న చోట ఇసుక తప్ప ఏమీ లేదు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆయన వినకుండా పోలేదు. అయినా ఒక మనిషి ప్రాణం పోవలసినంత పని అయింది. తప్పు ఎక్కడ జరిగింది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు నడవండి.

సందేశం ప్రయాణించే దారి

1948వ సంవత్సరంలో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో పనిచేస్తున్న క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. అందులో చిన్న పటం ఒకటి గీశాడు. కొన్ని గళ్లు, వాటి మధ్య బాణం గుర్తులు, అంతే. టెలిఫోనైనా, తంతి అయినా, రేడియో అయినా సందేశం వెళ్లే దారి ఇదేనని ఆ పటం చూపింది. తరువాత మనుషుల మధ్య జరిగే సంభాషణను పరిశీలించేవారు కూడా ఆ పటాన్నే తమకు తగినట్టు మార్చుకొని వాడుకున్నారు.

దాన్ని తుపాను హెచ్చరికకు అన్వయించి చూద్దాము.

చెప్పవలసిన సంగతి ఎవరి దగ్గర పుడుతుందో వారు ప్రేషకులు, అంటే పంపేవారు. ఇక్కడ వాతావరణ శాఖవారు. వారి మనసులో ఉన్నది ఒక భావం. దాన్ని ఉన్నదున్నట్టుగా గాలిలోకి విసరలేరు. మాటలుగానో, అంకెలుగానో, దీపాలుగానో మార్చాలి. ఆ మార్పే సంకేతనం. మార్చగా వచ్చింది సందేశం. ఆ సందేశం ఏ దారిన వెళ్తుందో అది వాహిక. రేడియో తరంగాలు, టెలిఫోను తీగ, దండోరా వేసేవాని గొంతు నుంచి మీ చెవి దాకా ఉన్న గాలి, ఇవన్నీ వాహికలే. అందుకొనేవారు గ్రాహకులు. గ్రాహకుడు సంకేతాలను విప్పి మళ్లీ భావంగా మార్చుకోవాలి. దానికి విసంకేతనం అని పేరు. మార్గమధ్యంలో చేరి సందేశాన్ని చెడగొట్టేది రొద.

ఇంకొక ముఖ్యమైన గడి ఉంది. అది గ్రాహకుని నుంచి ప్రేషకునికి తిరిగి వెళ్లే బాణం. దాన్ని ప్రతిస్పందన అంటారు. ఫీడ్‌బ్యాక్ అన్న మాట మీరు వినే ఉంటారు. షానన్ గీసిన ఆ మొదటి పటంలో ఇది లేదు. అదే 1948లో నార్బర్ట్ వీనర్ అనే మరొక గణిత శాస్త్రజ్ఞుడు, యంత్రాలూ ప్రాణులూ తమను తాము సరిదిద్దుకోవడానికి ఇది ఎంత అవసరమో ఒక గ్రంథంలో వివరించాడు. చిత్రమేమంటే, హరాల్డ్ లాస్‌వెల్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు కూడా ఆ సంవత్సరమే అయిదు ప్రశ్నలు సూచించాడు. ఎవరు చెప్పారు? ఏమని చెప్పారు? ఏ దారిన చెప్పారు? ఎవరికి చెప్పారు? ఫలితమేమిటి? ఏ సందేశాన్నయినా ఈ అయిదు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. షానన్ లెక్కలలో అర్థానికి చోటు లేదు. పంపిన అక్షరాలు చెడకుండా అటువైపు చేరాయా లేదా అన్నదే ఆయన సమస్య. ఆ లెక్కన నా మాట మామకు నూటికి నూరుపాళ్లూ చేరినట్టే. ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. కాని భావం చేరలేదు. అక్షరం చేరడం వేరు, భావం చేరడం వేరు.

నంబర్ల లోగుట్టు

ఇప్పుడు సంకేతాల సంగతి చూద్దాము. నల్లని మబ్బు వానకు గుర్తు. పొగ నిప్పుకు గుర్తు. వీటిని ఎవరూ పంపలేదు. ప్రకృతిలో కారణానికీ ఫలితానికీ ఉన్న సంబంధం వల్ల మనం గుర్తిస్తున్నాము. మనిషి చేసుకున్న సంకేతాలు అలా కావు. "నీరు" అన్న మాటలో తడి లేదు. మనమంతా ఒప్పుకున్నాము కనుక అది నీరయింది. ఒప్పందం తెలియనివానికి ఆ సంకేతం వట్టి చప్పుడే.

రేవు హెచ్చరికలూ అటువంటి ఒప్పందమే. 1864 అక్టోబరులో కలకత్తాను పెద్ద తుపాను ధ్వంసం చేసింది. ఆ మరుసటి ఏడే కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. పత్రికలు "ఎగరవేశారు" అంటాయి గాని, సంప్రదాయంగా స్తంభం మీదికి ఎక్కించేవి జెండాలు కావు. పగటి పూట శంఖువు, స్థూపం ఆకారాలు. రాత్రి పూట ఎరుపు, తెలుపు దీపాలు. జెండాలు ఎందుకు కావో ఆలోచించండి. గాలి లేకపోతే జెండా ముడుచుకుపోతుంది. గాలి మీ వైపు వీస్తే దాని అంచు మాత్రమే కనిపిస్తుంది. నిలబెట్టిన శంఖువు ఏ దిక్కు నుంచి చూసినా త్రిభుజంలాగే, స్థూపం దీర్ఘచతురస్రంలాగే కనిపిస్తాయి. రంగు తెలియని దూరం నుంచి కూడా ఆకారం తెలుస్తుంది. సంకేతాన్ని ఎన్నుకోవడంలో ఎంత తెలివి ఉందో చూశారా!

ఇక నంబర్లు. 1, 2 దూరాన సముద్రంలో అలజడి ఉందని చెబుతాయి. 3, 4 ఆ రేవుకే ముప్పు రావచ్చునని చెబుతాయి. 5, 6, 7 తుపానుకు. 8, 9, 10 తీవ్ర తుపానుకు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను. "తీవ్ర" అన్నది అలంకారానికి తగిలించిన మాట కాదు, కొలత ఉన్న మాట.

మరి 8కీ 9కీ 10కీ తేడా ఏమిటి? మార్కుల్లాగా ఒకదానికంటే ఒకటి ఎక్కువ అనుకుంటాము. అది పొరపాటు. మూడింటికీ తీవ్రత ఒకటే, దారిలోనే తేడా. తుపాను రేవును తనకు ఎడమ వైపు ఉంచి పోయేట్టుంటే 8, కుడి వైపు ఉంచి పోయేట్టుంటే 9, రేవు మీదుగా గాని దానికి చాలా దగ్గరగా గాని పోయేట్టుంటే 10. 5, 6, 7లలో కూడా ఇదే వరుస.

ఎడమా కుడీ అయితే ఏమిటంటారా? మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. పలక మీద పడమటి వైపు కదులుతున్న తుపానును గీయండి. దాని కుడి ఉత్తరం. ఆ ఉత్తరపు పక్కన గాలులు తూర్పు నుంచి, అంటే సముద్రం నుంచి నేల మీదికి వీస్తాయి. నీటిని ఒడ్డు మీదికి తోసుకొస్తాయి. అదే ఉప్పెన. దక్షిణపు పక్కన గాలులు నేల నుంచి సముద్రం వైపు వీస్తాయి. కనుక 8కన్న 9 నంబరున్న రేవుకు ఉప్పెన భయం ఎక్కువ. ఇంత విషయాన్ని ఒక్క అంకెలో ఇమిడ్చారు. ఒప్పందం తెలిసిన నావికునికి అది ఒక పేజీ ఉత్తరంతో సమానం. తెలియనివారికి "పెద్ద నంబరు, చిన్న నంబరు" మాత్రమే.

అందుకే ఇటీవలి సంవత్సరాల్లో వాతావరణ శాఖవారు ప్రజల కోసం పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతున్నారు. రహదారి దీపాలు చూసిన ప్రతివారికీ ఎరుపు అంటే ప్రమాదమని ముందే తెలుసు. పంపేవారికీ అందుకొనేవారికీ ఉమ్మడిగా ఉన్న అనుభవం మీద నిలబడిన సంకేతమే త్వరగా అర్థమవుతుంది.

దీనికి గొప్ప ఉదాహరణ ఇండోనేషియాలో ఉంది. సుమత్రా పక్కన సిమలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ భూకంపం వచ్చి, సునామీ అలలు ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. బతికినవారు దానికి "స్మాంగ్" అని పేరు పెట్టి, పెద్ద భూకంపం వచ్చి సముద్రం వెనక్కి తగ్గితే కొండ ఎక్కండి అని పిల్లలకు కథలుగా, జోల పాటలుగా చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రం ఆ దీవికి చాలా దగ్గరలోనే ఉంది. "స్మాంగ్! స్మాంగ్!" అన్న కేక వినగానే జనం కొండలెక్కారు. సుమారు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవారు ఏడుగురే. రేడియో లేదు, సైరను లేదు. 97 ఏళ్లు అవ్వల నోట ప్రయాణించిన ఒక్క మాట అంతమందిని కాపాడింది.

ఒక్క "క" పోతే

రొద అంటే చెవికి వినిపించే గోల మాత్రమే కాదు. శాస్త్రంలో, సందేశాన్ని చెడగొట్టే ప్రతిదీ రొదే. దాన్ని మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది వాహికలో చేరేది. గాలి హోరు, రేడియోలో గరగర, వానకు తడిసిన కాగితం ఇటువంటివి. దండోరా వేసేవాని మాట గాలి వాలు వైపు బాగా వినిపించి, ఎదురు వైపు వినిపించకపోవడం మీరు గమనించారా? నేల దగ్గర గాలి నెమ్మదిగా, పైన వేగంగా వీస్తుంది. అందువల్ల గాలికి ఎదురు వెళ్లే ధ్వని పైకి వంగి మన తల మీదుగా పోతుంది. గాలి వాలున వెళ్లే ధ్వని కిందికి వంగి మన చెవిన పడుతుంది. కనుక ఊరికి గాలి వచ్చే వైపు నిలబడి కేక వేయాలి.

రెండోది సంకేతంలోనే ఉండేది. నేను అన్న "ఎత్తేశారు" అటువంటిదే. భాషలు వేరైనా ఇదే చిక్కు. మన తీరంలో పట్టపు వారి ఇళ్లలో తమిళానికి దగ్గరగా ఉండే పలుకు వినిపిస్తుంది. రేడియోలో వచ్చే "వాయవ్య దిశగా పయనించి" వంటి గ్రాంథికపు మాట ఏ ఇంటివారికైనా వెంటనే ఎక్కదు.

మూడోది వినేవాని మనసులో ఉండేది. మామకు వలల మీద బెంగ. హెచ్చరిక పోతే బాగుండునని ఆయన మనసు కోరుకుంటున్నది. రెండర్థాల మాట వినబడితే మనసు తనకు కావలసిన అర్థాన్నే పట్టుకుంటుంది.

రొదను పూర్తిగా తొలగించలేము. మరి ఏం చెయ్యాలి? ఒక ప్రయోగం చేయండి. ఈ వాక్యం చదవండి: "రే_ ఉద_ం సము_ంలో వేట_ ఎవ_ వెళ్_ద్దు." చదవగలిగారు గదా! చాలా అక్షరాలు పోయినా అర్థం ఎందుకు పోలేదు? భాషలో అవసరానికి మించిన అక్షరాలు, గుర్తులు ఉంటాయి. ఒకటి పోతే పక్కది దాన్ని చెబుతుంది. ఈ గుణాన్ని అతిరేకత అంటారు. వృథా అనిపించే ఈ ఎక్కువే రొద నుంచి మనల్ని కాపాడుతుంది.

అయితే అతిరేకత లేని చోట ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. ఈ రెండు మాటలు చూడండి: "వెళ్లండి", "వెళ్లకండి". మధ్యలో ఉన్నది ఒక్క "క". పెనుగాలిలో మైకు నుంచి వస్తున్న ఆ "క" చెవిన పడకపోతే, హెచ్చరిక కాస్తా ఆహ్వానం అవుతుంది! అందుకని అనుభవజ్ఞులు "వేటకు వెళ్లకండి" అని ఊరుకోరు. "వేట వద్దు. ఒడ్డునే ఉండండి. పడవలు కట్టేయండి" అని మూడు విధాలుగా చెబుతారు. ఒక వాక్యం పోయినా మిగిలినవి పని చేస్తాయి. ప్రమాదంలో ఉన్న ఓడ రేడియోలో "మేడే" అన్న మాటను మూడుసార్లు పలకడం ప్రపంచమంతటా నియమం. అది కూడా అతిరేకతే.

తిరిగి వచ్చే బాణం

ఇప్పుడు మామగారి ఇంటికి మళ్లీ వెళ్దాము. ఆ వేళ అందరిలోకి తెలివైన పని చేసినది ఎవరు? చదువుకున్న నేను కాదు. అక్షరం ముక్క రాని అవ్వ. ఆమె "నాకు అర్థమైంది సరేనా?" అని తిరిగి అడిగించింది. ఆ ప్రశ్నే ప్రతిస్పందన. అది వచ్చేదాకా నా తప్పు నాకే తెలియదు.

ప్రతిస్పందనను చాలాచోట్ల నియమంగా పెట్టారు. విమానం నడిపేవారు కింది నుంచి వచ్చిన ఆజ్ఞను తిరిగి పలికి వినిపించాలి. పక్కపక్క రైల్వే స్టేషన్ల మాస్టర్లు రైలు విషయం మాట్లాడుకున్నాక, ఒకరికొకరు ఒక రహస్య సంఖ్య చెప్పుకుని రాసుకుంటారు. మాట నిజంగా చేరిందనడానికి అది సాక్ష్యం.

తుపాను హెచ్చరికల చరిత్ర కూడా ఈ బాణాన్ని వెతుక్కుంటూ సాగిన చరిత్రే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు పదివేల మంది చనిపోయారు. తుపాను సముద్రంలో ఉన్నదని తెలియకపోలేదు. కాని ఆ తెలిసిన సంగతి కట్టకడపటి గుడిసె దాకా, అర్థమయ్యే రూపంలో, సమయానికి చేరలేదు. స్తంభాలు, తీగలు కూలిపోయినందున ఆ ఘోరం కూడా బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది.

ఆ తరువాత 1980వ దశకంలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా కొత్త ఏర్పాటు చేశారు. తీర ప్రాంతపు కార్యాలయాల్లో చిన్న గ్రాహక యంత్రాలు పెట్టారు. కేంద్రం నుంచి ఏ జిల్లా గుర్తు పంపితే ఆ జిల్లా యంత్రాలు మాత్రమే వాటంతట అవి మేలుకుని సైరను మోగించి, తరువాత స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేవి. ఆ సైరను వట్టి మోత కాదు. "వినండి" అని చెప్పే సందేశం. అయితే ఆ పెట్టె వినిపించగలదే గాని బదులు చెప్పలేదు. అందుకే దాని పక్కన మనుషులు కావలసి వచ్చారు. 1990 మే 9న మచిలీపట్నానికి నైరుతిలో మరో తీవ్రమైన తుపాను తీరం దాటింది. ఈసారి అధికారులు ఊరూరా తిరిగి, లక్షల మందిని ముందే తరలించారు. ఇంటి ముందు నిలబడి చెప్పినప్పుడు, ఎదుటివాని ముఖంలోనే జవాబు కనిపిస్తుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పవచ్చు. ఆ తుపానులోనూ సుమారు వెయ్యిమంది చనిపోయారు. అది చిన్న సంఖ్య కాదు. కాని 1977తో పోల్చి చూడండి.

వాహికే లేకపోతే ఏమవుతుందో 2004 డిసెంబరు 26 చూపింది. సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది మన కాలమానంలో ఉదయం సుమారు ఆరున్నరకు. అలలు మన తీరానికి వచ్చేసరికి రెండు గంటలకు పైగా పట్టింది. భూకంపం వచ్చినట్టు ప్రపంచంలోని యంత్రాలు నమోదు చేశాయి. ఆ సంగతిని మైపాడు ఒడ్డున ఉన్న మనిషికి చేర్చే దారి మాత్రం అప్పటికి లేదు. మన రాష్ట్ర తీరంలోనే నూరుమందికి పైగా మరణించారు. 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. మన పొరుగునే ఉన్న శ్రీహరికోట నుంచి 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని పంపారు. 2023లో దేశమంతటా సెల్‌ఫోన్లకు పెద్ద మోతతో పరీక్షా సందేశాలు పంపి చూశారు. మీకూ వచ్చి ఉంటుంది. ఆ మోతకు ఉలిక్కిపడి, సందేశం చదవకుండానే ఫోను ఆపేసినవారు మీ ఇంట్లో లేరా? యంత్రం మారింది. వినే మనిషి మాత్రం పాతవాడే!

కనుక హెచ్చరిక పంపినంత మాత్రాన పని పూర్తి కాదు. అందుకున్నవాడు అర్థం చేసుకుని, లేచి నడిచినప్పుడే పూర్తవుతుంది.

ఇంతకీ పదకొండో నంబరు

ఇక మొదట ఇచ్చిన మాట. పదకొండో నంబరుకు అర్థం ఇది: "వాతావరణ హెచ్చరిక కేంద్రంతో మాకు సంబంధం తెగిపోయింది. ప్రమాదం ఉందని ఇక్కడి అధికారిగా నేను భావిస్తున్నాను."

చూశారా! అది తుపాను బలాన్ని గురించి చెప్పదు. భావ ప్రసారమే తెగిపోయిందని చెబుతుంది. హెచ్చరికలు తంతి ద్వారా వచ్చే రోజుల్లో, పెనుగాలికి ముందుగా తెగేవి ఆ తీగలే. అప్పుడు రేవు అధికారి, "వార్త రాలేదు గనుక ప్రమాదం లేదు" అనుకోకూడదు. ఆకాశాన్నీ, సముద్రాన్నీ, భారమితినీ తానే చదివి నిర్ణయించుకోవాలి. నిశ్శబ్దం కూడా ఒక సందేశమే. దాన్ని క్షేమ సమాచారంగా చదువుకుంటే మునిగిపోతాము.

మీరు సముద్రం ఒడ్డున ఉన్నా, ఊరి మధ్యన ఉన్నా ఇది మీకు పనికివస్తుంది. ఎవరైనా మీకు ముఖ్యమైన మాట చెబితే, మీకు అర్థమైనది తిరిగి చెప్పి చూపండి. మీరు చెబితే, ఎదుటివారిచేత తిరిగి చెప్పించండి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఊఁ" అంటారు. దాని బదులు "ఏం అర్థమైందో చెప్పు" అనండి. పాఠం చెప్పేటప్పుడు నేనూ అదే చేస్తాను. ఆ అలవాటు నాకు నేర్పింది బి.ఇడి. కాలేజీ కాదు, మా పక్కవీధి అవ్వ.

మీరు చేసి చూడండి

1. పదిమంది వరుసగా కూర్చోండి. "తుపాను నెల్లూరుకు ఆగ్నేయంగా 360 కిలోమీటర్ల దూరంలో ఉంది, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది, వేటకు వెళ్లకండి" అన్న సందేశాన్ని మొదటివాని చెవిలో చెప్పండి. ఒకరి నుంచి ఒకరికి గుసగుసగా వెళ్లాలి. చివరివాడు విన్నది పలకమీద రాయాలి. ఏవి పోయాయి? అంకెలా, దిక్కులా, "క" అక్షరమా?

2. అదే ఆట మళ్లీ ఆడండి. ఈసారి ప్రతివాడూ తాను విన్నది చెప్పినవానికి తిరిగి వినిపించి, సరే అనిపించుకున్నాకే ముందుకు పంపాలి. ఎంత ఆలస్యమైందో, ఎంత మేలు జరిగిందో గమనించండి.

3. పై సందేశంలోని తుపాను అదే వేగంతో తిన్నగా వస్తే దాని కేంద్రం ఎన్ని గంటలకు చేరుతుంది? 360ని 15తో భాగించండి. 24 గంటలు. కేంద్రం కన్న చాలా ముందుగానే పెనుగాలులు వస్తాయి. మరి మీ ఇంట్లో పెద్దలకు ఈ సందేశాన్ని కిలోమీటర్లు, దిక్కులు లేకుండా, అవ్వకు కూడా తెలిసే రెండు చిన్న వాక్యాల్లో ఎలా చెబుతారు? రాసి, ముందు ఆమెకే చదివి వినిపించండి. ఆమె ఏమడుగుతుందో శ్రద్ధగా వినండి.